బరాత్ చీటి

నయీముద్దీన్ లైబ్రరీలో పని చేస్తాడని మట్టెవాడ మొత్తానికి తెలుసు. తెలియడమే తంటా అయింది. ఒకాయన డిటెక్టివ్ నవల తెమ్మంటాడు, ఒకామె కుట్టుపని పుస్తకం అడుగుతుంది, ఎదురింటి పిల్లకు పదో తరగతి గైడు కావాలి. "మా లైబ్రరీల కితాబులు ఉండయి భాయ్" అని అతను మొత్తుకుంటే వినేదెవరు? పుస్తకాల్లేని లైబ్రరీ ఎక్కడైనా ఉంటుందా, ఇవ్వడం ఇష్టం లేక అట్లా అంటున్నాడని గల్లీ అంతా ఒక నిర్ణయానికి వచ్చేసింది. పైగా ఆ మనిషి మాడు పగిలే మే నెలలో కూడా సైకిల్ హ్యాండిల్‌కు స్వెటర్ తగిలించుకుని పనికి పోతాడు. అట్లాంటివాడి మాట ఎవరు నమ్ముతారు, మీరే చెప్పండి.

అసలు సంగతి వేరు. 1974లో హనుమకొండలో, నక్కలగుట్ట పక్కన ఒక పాత బంగళాలో, కాలువల లెక్కలు కట్టడానికి కంప్యూటర్ కేంద్రం పెట్టారు. ఇప్పటిలా బల్ల మీద పట్టే బుల్లి డబ్బా కాదది. రెండు బీరువాలంత యంత్రం. దానికి ఎప్పుడూ చల్లగాలి ఉండాలి, అందుకే స్వెటర్. దాని తిండి అట్టకార్డులు. ఇంజనీరు రాసిన ప్రోగ్రామును వరుసకు ఒక కార్డు చొప్పున చిల్లులు కొట్టించి, కట్ట కట్టి, యంత్రం నోట్లో పెడితే గడగడా మింగి మడతలు మడతలుగా కాగితం కక్కేది. ఒక్క కార్డు తలకిందులైనా అలిగి కూర్చునేది.

ఇంజనీర్లందరికీ మాటిమాటికీ కావలసిన లెక్కలు కొన్ని ఉంటాయి. నీటి వేగం కట్టే లెక్క, వాలు చూసే లెక్క, మట్టి కొలిచే లెక్క. ప్రతివాళ్లూ వాటిని మొదటి నుంచి రాసుకోవడం ఎందుకని, ఒక్కసారి కొట్టించిన కార్డుకట్టలు ఇనుప బీరువాలో ఉంచారు. ఎవరికి ఏది కావాలో అది తీసుకుని తమ ప్రోగ్రాము వెనక తగిలించుకోవాలి, పని అయ్యాక మళ్లీ లోపల పెట్టాలి. ఆ బీరువాకే లైబ్రరీ అని పేరు. దానికి నౌకరైనా దొరైనా నయీముద్దీనే.

అతను చదివింది నిజాం కాలపు ఉర్దూ బడిలో ఏడో తరగతి. అంతకు ముందు పదిహేడేళ్లు బట్టల మిల్లు స్టోరులో, ఏ మగ్గానికి ఏ సామాను సరిపోతుందో చూసే పని. కంప్యూటర్ అంటే ఏమిటో అతనికి అప్పుడూ తెలియదు, ఆ తర్వాతా పెద్దగా తెలియలేదు. కానీ ఏది దేనితో జత కుదురుతుందో, ఏది కుదరదో ఆ మనిషికి చేతివేళ్లలో ఉంది.

మొదటి ఏడాది కేంద్రంలో రోజూ లొల్లే. ఒక ఇంజనీరు తన పనికి తగ్గట్టు బీరువాలోని కట్టలో మూడు కార్డులు మార్చి, ఏమీ ఎరగనట్టు లోపల పెట్టి పోయేవాడు. మర్నాడు ఇంకొకాయన అదే కట్ట తగిలించుకుంటే, నిన్నటిదాకా చక్కగా నడిచిన ప్రోగ్రాము అడ్డం తిరిగేది. "నేనేం ముట్టుకోలే" అని ఈయన, "మరి ఎట్ల చెడిపాయె" అని ఆయన. మూడు నెలలు చూసి చూసి నయీముద్దీన్‌కు తల తిరిగింది. ఒకరోజు టీ వేళ అందరినీ నిలబెట్టి చెప్పేశాడు.

"సార్లూ, జర వినుండ్రి. బీరువలకు పోయిన కట్టను ముట్టుడు లేదు ఇగ. మార్చుకోవాలె అంటే నకలు కొట్టించుకోండ్రి. దానికి కొత్త నంబరు ఇస్త. పాతది పాతదే, కొత్తది కొత్తదే. రెండూ నా దగ్గర ఉంటయి."

"మరి ఏ ప్రోగ్రాంకు ఏ నంబరు కట్టలు కావాలెనో ఎట్ల యాదికుంటది చాచా?" అని ఎవరో అడిగారు.

"పెండ్లికొడుకు ఒక్కడే గుర్రమెక్కి పోతే పిల్లనిస్తరా? ఎంబడి బరాత్ ఉండాలె. మీ ప్రోగ్రామ్ పెండ్లికొడుకు, గీ కట్టలన్ని బరాత్. ఎవరెవరు రావాలెనో ముందుగాల చీటి రాసుకోవాలె. ఒక్క మేనమామను మరిచినా పందిట్ల పంచాయితే."

"ఆ మేనమామ తన బామ్మర్దిని ఎంబడి తెస్తే?" అన్నాడు ఇంకొకడు నవ్వుతూ. వాడు సరదాకు అన్నాడు గానీ అదీ నిజమే, కొన్ని కట్టలకు ఇంకో కట్ట తోడు లేకపోతే నడవదు.

"తెస్తడు. ఆ బామ్మర్ది పేరు గూడ రాయాలె. ఇద్దరు మామలు చెరొక బామ్మర్దిని తెస్తే ఏ నంబరోన్ని పిలవాలెనో తేల్చుకున్నంకనే గుర్రమెక్కాలె."

అందరూ పడి పడి నవ్వారు. నవ్వినవాళ్లే మర్నాటి నుంచి చీటీలు రాయించుకున్నారు. చీటి అంటే ఒక ఖాళీ కార్డే. దాని వెనక నయీముద్దీన్ తనకు వచ్చిన ఉర్దూలో తేదీ, కట్టల నంబర్లు రాసేవాడు. కింద ఇంజనీరు సంతకం పెట్టాలి. బీరువాలో దాచే ప్రోగ్రాము కట్ట మీద అది ఎప్పుడూ ఉండాలి. దానికి బరాత్ చీటి అనే పేరు స్థిరపడిపోయింది. ఆఫీసు ఉత్తరాల్లో కూడా ఒకటి రెండుసార్లు ఆ మాట పడిందంటే చూసుకోండి.

1977లో సుగుణ వచ్చింది. వర్ధన్నపేట దగ్గరి రైతు కుటుంబం పిల్ల, ఇరవై నాలుగేళ్లు, ఆ ఆఫీసుల్లో మొదటి ఆడ ఇంజనీరు. పరకాల వైపు తవ్వబోయే పిల్లకాలువ డిజైను ఆమెకు అప్పగించారు. నెల తిరక్కముందే నీటి వేగం లెక్కలో తప్పు పట్టుకుంది. మొరం నేల మీద నీళ్లు అంత జోరుగా నడవవు, పదో నంబరు కట్ట వేగాన్ని ఎక్కువ చేసి చూపిస్తోంది అని వాదించి పెద్దల చేత ఒప్పించింది. అక్కడిదాకా బాగుంది. ఆ తర్వాత వచ్చి పదో కట్ట తీసి అందులోనే కార్డులు మార్చబోయింది.

"బిడ్డా, పదిని ముట్టకు."

"తప్పున్నదని అందరు ఒప్పుకున్నరు గద చాచా! తప్పును దాచి పెట్టుకుంటవా?"

"దానితోని లెక్కలు కట్టినోళ్లు ఉన్నరు. రేపు వాళ్ల లెక్క వాళ్లకు కావాల్నంటే ఏం చూపియ్యాలె? నకలు తీయి."

సుగుణ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు నకలు తీయించి, ఏడు కార్డులు మార్పించి తెచ్చింది. నయీముద్దీన్ దానికి పదిహేను అని నంబరు వేసి, బరాత్ చీటి రాసి, సంతకం పెట్టించుకున్నాడు. డిజైను పాసైంది. కాలువ అడుగున వెడల్పు ఇరవై రెండడుగులని తేలింది. సుగుణ పరకాలలోనే ఇల్లు తీసుకుని తవ్వకం దగ్గర నిలబడింది. పదో కట్టను ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అది బీరువాలో ఓ మూల పడి ఉంది.

1979లో కేంద్రానికి కొత్త అధికారి వచ్చాడు, రాజేశ్వర్ రావు. చెడ్డవాడు కాదు, శుభ్రం పిచ్చి కలవాడు. పెన్సిళ్లన్నీ ఒకే పొడుగుండాలనే రకం. బీరువా తెరిచి చీటీలు చూసి నొసలు ముడిచాడు. ఇది సర్కారు ఆఫీసు, పై నుంచి ఎవరైనా వస్తే ఈ రాత ఎవరు చదువుతారు, అన్నీ ఇంగ్లీషులోకి మార్చాలి అన్నాడు. న్యాయమైన మాటే. కాకపోతే ఆ నెలలోనే నయీముద్దీన్‌కు పచ్చకామెర్లు వచ్చి ఇరవై అయిదు రోజులు మంచం దిగలేదు. అతను వచ్చేదాకా ఆగడానికి రావు గారికి ఓపిక లేదు. హెడ్ క్లర్కును పిలిచి ఎవరితోనైనా నకలు తీయించెయ్యమన్నాడు.

ఆ ఎవరైనా సావిత్రి అయింది. కార్డులకు చిల్లులు కొట్టే యంత్రం మీద కూర్చునే పిల్ల, టెంపరరీ ఉద్యోగం, ఆరు నెలలకోసారి ఉంటుందో ఊడుతుందో అని దేవుళ్లకు మొక్కుకునే ఉద్యోగం. ఒక మధ్యాహ్నం సరదాగా నయీముద్దీన్ దగ్గర ఉర్దూ అంకెలు నేర్చుకుంది. రెండు, మూడు చూస్తేనే తెలుస్తాయి. నాలుగు కొంచెం వంకర. ఏడంటే ఇంగ్లీషు వి, ఎనిమిదంటే బోర్లించిన వి. ఇంతలో యంత్రం ఆగి గంట మోగింది, పిల్ల లేచి పరుగెత్తింది. అయిదు, సున్న ఆ రోజు మిగిలిపోయాయి. ఆ తర్వాత ఆమె అడగనూ లేదు, అతను చెప్పనూ లేదు. సున్న ఎవరికి తెలియదు అనుకుంది కాబోలు.

జబ్బు తగ్గి నయీముద్దీన్ పనిలోకి వచ్చేసరికి ప్రతి కట్ట మీద ముత్యాల్లాంటి ఇంగ్లీషు చీటి ఉంది. అతని చీటీలు చెత్తబుట్ట పక్కన సంచిలో ఉన్నాయి. అయిదేళ్ల రాత. సాయంత్రం ఆ సంచి సైకిల్‌కు కట్టుకుని ఇంటికి తెచ్చి భార్య హుసేన్‌బీ ముందు పడేశాడు. "పొయ్యిల పెట్టుకుంటవో, నెత్తిన పెట్టుకుంటవో, నీ ఇష్టం" అన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మనిషికి నిజంగా కష్టం కలిగింది, పైకి మాత్రం పథ్యం మీద వంక పెట్టాడు.

మూడు నెలలకు, ఒక శనివారం పొద్దున, సుగుణ పరకాల బస్సు దిగి నేరుగా కేంద్రానికి వచ్చింది. చేతిలో కవరు. మొహం పీక్కుపోయి ఉంది.

"చాచా, నేను దొంగనట."

నయీముద్దీన్ ముందు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, అప్పుడు అడిగాడు. సంగతి ఇదీ. కాలువకు రాళ్ల లైనింగ్ వేసే ముందు పైవాళ్లు డిజైనును మరోసారి యంత్రం మీద నడిపించి చూశారు. అదే ప్రోగ్రాము, అవే కొలతలు. కానీ వెడల్పు ఇరవై అడుగులే వచ్చింది. మరి ఇరవై రెండని ఎందుకు తవ్వించావు? ఎక్కువ మట్టి తవ్వించి కాంట్రాక్టరుకు లాభం చేశావా? సోమవారం సాయంత్రంలోగా జవాబు ఇవ్వకపోతే సస్పెండ్ చేస్తామని మెమో.

"మా నాయినకు చెప్పలే. చెప్తే ఆయన బతకడు" అంది సుగుణ. కళ్లలో నీళ్లు రానివ్వకుండా కాగితం కేసి చూస్తోంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. చీటి ఉన్నది గద. చీటి అబద్ధం ఆడదు."

బీరువా తెరిచి సుగుణ ప్రోగ్రాము తీశాడు. పైన ఇంగ్లీషు చీటి. రెండు, ఏడు, పది, పన్నెండు. పది! పదిహేను ఉండాలి అక్కడ. పదో కట్టా పదిహేనో కట్టా ఒకే పేరున్న అన్నదమ్ములు, ఏది పెట్టినా యంత్రం నోరెత్తకుండా మింగుతుంది. పైవాళ్లు నడిపినప్పుడు తప్పు ఉన్న పాత కట్టే పోయిందన్నమాట. చీటి మీది రాత చూశాడు. ఏడుకు నడుమ అడ్డగీత ఉంది. ఆ అడ్డగీత ఏడు కేంద్రంలో ఒక్క మనిషే వేస్తుంది. గాజు తలుపు అవతల సావిత్రి తల వంచుకుని కార్డులు కొడుతోంది. అతను చీటి జేబులో పెట్టుకుని, సుగుణను తీసుకుని రాజేశ్వర్ రావు గదికి నడిచాడు.

రావు గారు ఓపికగా విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెప్పేది నిజమే కావొచ్చు నయీముద్దీన్. ఇప్పుడు పదిహేను పెట్టి నడిపిస్తే అంకెలు కలుస్తయి. కానీ పైవాళ్లేమంటరు? కలిసే కట్టను వెతికి పెట్టిన్రంటరు. ఆనాడు ఏ కట్టతోని నడిచిందో ఆనాటి కాగితం కావాలె. ఆమె సంతకం, తేదీ దాని మీద ఉండాలె. ఉన్నదా?"

"ఉండె సార్" అన్నాడు నయీముద్దీన్, చెత్తబుట్ట కేసి చూడకుండా. రావు గారికి అర్థమైంది. ఆయన చేతిలోని పెన్సిల్‌ను అనవసరంగా సరిచేసి పెట్టుకున్నాడు.

ఇంటికి పోయి అడిగితే హుసేన్‌బీ నడుము మీద చేతులు పెట్టుకుంది. కొత్తవాడ జంపఖానాల మగ్గాలకు రంగు నూలు చుట్టి ఇవ్వడం ఆమె పని.

"అజీ, నువ్వే గద నా ఇష్టమంటివి! మంచి గట్టి అట్టలు, పొయ్యిల ఎట్ల పెడుత? అన్నిటికి నూలు చుట్టిన. సగం మగ్గాలకు పంపిన గూడ."

"చుట్టినవా!"

"మరి నెత్తిన పెట్టుకోమంటవా?"

ఆదివారం పొద్దున్నే సుగుణ వచ్చింది. ముగ్గురూ చాప మీద కూర్చుని నూలు విప్పడం మొదలుపెట్టారు. పచ్చ, నీలం, పసుపు. ఒక్కో అట్ట విప్పడం, వెనక చూడడం, పక్కన పెట్టడం. "చిక్కు పడనియ్యకుండ్రి, నా వారం పని గంగల కలిసె" అని హుసేన్‌బీ గొణుగుతూనే అందరికంటే వేగంగా విప్పుతోంది. పదకొండు దాటింది. నలభై మూడు అట్టలు అయిపోయాయి. ఎవరెవరి సంతకాలో బయటపడ్డాయి, సుగుణది లేదు. ఆమె ఉత్త అట్టలకేసి చూస్తూ ఉండిపోయింది. హుసేన్‌బీ ఆమె తల నిమిరి, "లే బిడ్డా, మగ్గాల కాడికి పోదాం" అని చెప్పులు వేసుకుంది.

కొత్తవాడలో ఎనిమిది ఇళ్లు తిరిగారు. తొమ్మిదోది పూలమ్మ ఇల్లు. ఆమె మగ్గం మీద ఎర్రపువ్వు సగం నేసి ఉంది, ఎర్ర నూలు చుట్టిన అట్ట పక్కన వేలాడుతోంది. అట్ట అంచున నూలు జరిగిన చోట నీలి సిరా కనిపించింది.

"అక్కా, ఆ అట్ట ఒక్కసారి విప్పిస్తవా?" అని సుగుణ ఆత్రంగా చెయ్యి చాపింది.

పూలమ్మ చూపు కూడా తిప్పలేదు. "పువ్వు అయ్యేదాంక దారం తెంప. తెంపితే ముడి కనవడతది. కూసోండ్రి."

ఎంత చెప్పినా వినలేదు. ఉద్యోగం పోతుందన్నారు. "నా పువ్వు చెడితే నాదీ పోతది" అంది. కాదనడానికి ఏముంది? ముగ్గురూ గోడ వారగా కూర్చున్నారు. పూలమ్మ నేస్తోంది, ఒక్కో పోగుకూ అట్ట మీది నూలు ఒక్కో చుట్టు తగ్గుతోంది. ముందు తేదీ బయటపడింది. అక్టోబరు, డెబ్భై ఏడు. నయీముద్దీన్ చదివి చెప్పాడు. ఇంకో పది చుట్లు. సంతకంలో మొదటి అక్షరం, తర్వాత రెండోది. పువ్వు చివరి రేక పూర్తయ్యేసరికి పేరంతా కనబడింది. సుగుణ చిన్నపిల్లలా హుసేన్‌బీ మెడకు చుట్టుకుని ఏడ్చేసింది. పూలమ్మ అప్పుడు మాత్రం మగ్గం ఆపి, "ఇంత చిన్న అట్టకా ఇంత ఏడుపు!" అని నోరు నొక్కుకుంది.

సోమవారం తొమ్మిది గంటలకు ఆ అట్ట రాజేశ్వర్ రావు బల్ల మీద ఉంది. ఆయన ఇంగ్లీషు చీటిని పక్కన పెట్టుకుని రెంటినీ చూశాడు. చూసి నిట్టూర్చాడు.

"ఇందులోనూ పదే ఉన్నది కదయ్యా. ఒకటి, పక్కన సున్న."

సుగుణ బల్ల మీదికి వంగి చూసింది. కష్టపడి తెచ్చిన సాక్ష్యం ఎదురు తిరిగింది. నయీముద్దీన్ మాత్రం కదల్లేదు. అతను ఒక్క ప్రశ్న అడిగాడు, చాలా మెల్లగా.

"సార్, మీరు చిన్నప్పుడు ఏ బడిల చదివిన్రు?"

రాజేశ్వర్ రావు తలెత్తాడు. ఆయనకు యాభై నిండాయి. నిజాం కాలంలో పరకాల బడిలో చదువుకున్న మనిషి ఏ అక్షరాలు దిద్ది ఉంటాడో వేరే చెప్పాలా? కానీ ముప్పై ఏళ్లుగా ఆయన ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, తానే మరిచిపోయానని అనుకున్నాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, అట్టను దగ్గరగా పట్టుకున్నాడు. ఉర్దూలో సున్న అంటే చుక్క. గుండ్రంగా ఉన్నది అయిదు.

"పంద్రా" అన్నాడు. పదిహేను.

నయీముద్దీన్ కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. కామెర్ల తర్వాత కళ్లు మండుతున్నాయని తనకు తాను చెప్పుకున్నాడు.

"మరి ఈ నకలు ఎవరు తీసిన్రు? అయిదును సున్న చేసిందెవరు?" రావు గారి గొంతు మళ్లీ ఆఫీసరు గొంతు అయింది.

తలుపు దగ్గర సావిత్రి కాగితాల ట్రేతో నిలబడి ఉంది. నయీముద్దీన్ ఆమె వైపు చూడలేదు.

"ఎవరు తీస్తే ఏముంది సార్, తప్పు నాది. నా అయిదుకు నడుము ఉండదు. కితాబులల్ల అయిదు నడుమ నొక్కినట్టు ఉంటది గద, నేను తొందరకు గుండ్రంగ తిప్పేస్త. మా మౌల్వీసాబు గీ అయిదు కోసమే నా చెవి మెలిపెట్టెటోడు. చూసినోళ్లు సున్న అనుకోకుంటే ఏమనుకుంటరు?"

రావు గారు తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. "మెమో రాయవలసి వస్తది నయీముద్దీన్. పైవాళ్లకు ఎవరో ఒకరి పేరు చూపాలె."

"రాయుండ్రి సార్."

సుగుణ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

మధ్యాహ్నం పదిహేనో కట్ట పెట్టి ప్రోగ్రాము నడిపించారు. వచ్చిన కాగితాన్ని, రెండేళ్ల కిందటి కాగితాన్ని ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాడు నయీముద్దీన్. అంకె మీద అంకె కూర్చుంది. అట్ట, రెండు కాగితాలు, రావు గారి ఉత్తరం అన్నీ కలిపి సాయంత్రం అయిదు లోపే సుగుణ పైఆఫీసులో ఇచ్చి వచ్చింది. పదిహేను రోజులకు ఆమె మెమో రద్దయింది. కాలువ ఇరవై రెండడుగుల వెడల్పుతోనే ఉంది.

నయీముద్దీన్‌కు మాత్రం నిజంగానే మెమో వచ్చింది, అంకెలు అర్థమయ్యేట్టు రాయనందుకు. దాన్ని హుసేన్‌బీకి చదివి వినిపించి మరీ నవ్వాడు. ఇక మీదట నంబర్లు అంకెల్లో కాదు, తెలుగు అక్షరాల్లో రాయాలని రావు గారు ఉత్తర్వు వేశాడు. ఇంగ్లీషు పట్టు ఎందుకు వదిలాడో ఎవరికీ చెప్పలేదు. యాభై ఒక్క ఏళ్ల వయసులో నయీముద్దీన్ సావిత్రి పక్కన కూర్చుని పదిహేను అని రాయడం నేర్చుకున్నాడు. అతని 'హే' ఎప్పుడూ పక్కకు ఒరిగేది. సావిత్రి చెయ్యి పట్టి దిద్దించేది. ఏదో చెప్పబోయి ఆగిపోయేది. అతను ఆ ఆగడాన్ని చూడనట్టు, "తర్వాత ఏ అక్షరం బిడ్డా?" అనేవాడు.

ఏళ్లు గడిచాయి. సావిత్రి ఉద్యోగం పర్మనెంటు అయింది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. పరకాల కాలువలో నీళ్లు వదిలిన రోజు సుగుణ ఒక సీసాలో ఆ నీళ్లు పట్టి పంపింది. నయీముద్దీన్ వాటిని చాలాకాలం బీరువా మీద పెట్టుకుని, చివరకు గులాబీ మొక్కకు పోశాడు. 1986లో కేంద్రానికి తెర ఉన్న కొత్త యంత్రాలు దిగాయి. కార్డులకు కాలం చెల్లింది. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాళ్లు, ఏ ప్రోగ్రాముకు ఏవి కావాలో యంత్రంలోనే పట్టిక పెట్టుకోవాలి అని కొత్త విషయంలా చెబుతుంటే కేంద్రంలో అందరూ ముసిముసిగా నవ్వారు. "అంటే బరాత్ చీటి గద" అన్నారు. కుర్రాళ్లు ఆ మాట రాసుకున్నారు.

ఆ మే నెలాఖరున నయీముద్దీన్ రిటైరయ్యాడు. దండలు, ఫొటో, మిక్చర్ పొట్లాలు అయ్యాక బీరువా తాళాలు సావిత్రి చేతిలో పెట్టాడు. లెక్క అప్పగించాలి కాబట్టి ఒక్కో అర తెరిచి చూపిస్తున్నాడు. అడుగు అరలో కార్డులు లేవు. మడిచిన కాగితం ఒకటి ఉంది, దాని మీద బరాత్ చీటి. సావిత్రి తీసి చూసింది. ఏడేళ్ల కిందటి మెమో. చీటి మీద పక్కకు ఒరిగిన తెలుగు అక్షరాలు.

'ఈ మెమో ఎంబడి రావలసినోళ్లు: నయీముద్దీన్ ఒక్కడే. సావిత్రిని పిలవొద్దు.'

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నయీముద్దీన్ స్వెటర్ ఎక్కడ పెట్టానా అని లేని చోటల్లా వెతకసాగాడు.

"చాచా... నీకు ఎప్పుడు తెలిసె?"

"మొదటి రోజే. నీ ఏడుకు నడుమ అడ్డగీత ఉంటది."

"ఏడేండ్ల సంది నేను రోజూ చెప్పాలె అనుకుంట, భయపడుకుంట... ఒక్కసారి గూడ అడగకపోతివి!"

"అడుగుడు ఎందుకు? సగం అంకెలు నేర్పి వదిలేసింది నేను గాదా?" అన్నాడు. అని ఆమె చేతిలోని కాగితాన్ని తీసుకుని, చీటి పైకి వచ్చేట్టు సరిచేసి, మళ్లీ అరలో పెట్టి మూసేశాడు. "ఉండనియ్యి బిడ్డా. బీరువలకు పోయినదాన్ని ముట్టుడు లేదు."

సావిత్రి తాళం వేసింది. అతను స్వెటర్ సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని ఇంటికి పోయాడు.